మూగవోయిన కంప్యూటరు హార్మోనియానికి లస్కరు వైద్యం

(మా గ్రామీణ విలేకరి)

2025 ఉగాది ముందు రోజు రాత్రి. తెనాలికి పది కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న ఒక గ్రామంలో రామాలయం అరుగు మీద నాటక సమాజం సభ్యులంతా చేరారు. శ్రీరామనవమికి ఇంక ఎనిమిది రోజులే గడువు. నవమి రాత్రి పందిట్లో పద్యనాటకం ఆడటం ఆ ఊళ్ళో తాతల నాటి నుంచి వస్తున్న ఆచారం. హరిశ్చంద్రుడి వేషధారి గొంతు సవరించుకున్నాడు. మద్దెలకు శ్రుతి కుదిరింది. హార్మోనియం దగ్గర కూర్చోవలసిన కుర్రవాడు మాత్రం ఎదురుగా కంప్యూటరు పెట్టుకుని, దానికి తగిలించిన చిన్న కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కాడు. చప్పుడు లేదు. ఇంకో మెట్టు నొక్కాడు. అదీ పలకలేదు. పది మెట్లు ఒక్కసారి నొక్కినా పెట్టెలోంచి 'కుయ్' మని కూడా రాలేదు.

"ఈ సంవత్సరం నాటకం లేనట్టే" అని ఎవరో గొణిగారు. ఆ మాట విని కుర్రవాడి ముఖం పాలిపోయింది.

నవమి నాటికి ఆ హార్మోనియం ఎలా పలికిందీ, మధ్యలో ఎంత పెద్ద ప్రమాదం తప్పిందీ జిల్లాలోని నాటక సమాజాల వారూ, భజన మండళ్ళ వారూ తెలుసుకోవడం మంచిది. ఆ ఎనిమిది రోజులూ ఈ విలేకరి అక్కడే ఉండి, జరిగిన ప్రతి పనీ నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

కంప్యూటరులో హార్మోనియమా?

ఆ సమాజానికి నలభై ఏళ్ళపాటు హార్మోనియం వాయించిన పెద్దాయనను ఊరంతా మాస్టారు అనే పిలిచేది. ఆయన పెట్టె మూడు స్థాయిలది. మొత్తం 37 మెట్లు. 2021లో కరోనా మూలంగా నాటకాలు ఆగిపోయి మాస్టారు ఇంటి పట్టునే ఉన్నప్పుడు, డిగ్రీ చదువుతున్న మనవడికి ఒక ఆలోచన వచ్చింది. ఊళ్ళో మోటార్లు, ఫ్యాన్లు ఆగిన అర్ధరాత్రి వేళ తాతను రామాలయంలో కూర్చోబెట్టి, ఒక్కొక్క మెట్టునే ఎనిమిదేసి సెకన్లపాటు పలికించి రికార్డు చేశాడు. 37 మెట్లకూ 37 రికార్డులు. మాస్టారు నవ్వుతూనే వాయించారట. "పాట అడక్కుండా ఒట్టి స్వరాలు అడిగినవాడివి నువ్వొక్కడివేరా" అన్నారట.

మరుసటి సంవత్సరం మాస్టారు కాలం చేశారు. అటక ఎక్కిన హార్మోనియం తిత్తిని ఎలుకలు కొరికేశాయి. మూడు రీడ్లు విరిగాయి. బాగు చేయించవచ్చు గాని రీడ్లు మారిస్తే ఆ నాదం మారుతుందని పాతవాళ్ళంతా చెప్పారు. కనుక మాస్టారి పెట్టె నాదం ఇప్పుడు మిగిలి ఉన్నది ఆ 37 రికార్డులలోనే.

ఇలా విడివిడిగా రికార్డు చేసిన స్వరాలను, కీబోర్డు మీద మెట్టు నొక్కినప్పుడు వెంటనే పలికించే ఏర్పాటును శాంప్లర్ అంటారు. ఇది కొత్తగా వచ్చింది కాదు. 1963లో ఇంగ్లండులో వచ్చిన మెల్లోట్రాన్ అనే వాద్యంలో ఒక్కొక్క మెట్టు కింద ఒక్కొక్క టేపు ముక్క ఉండేది. 1979లో ఆస్ట్రేలియాలో తయారైన ఫెయిర్‌లైట్ యంత్రం అదే పనిని టేపు లేకుండా చేసింది. అప్పట్లో అది ధనవంతులకు మాత్రమే అందేది. ఇవాళ అదే పని చేసే సాఫ్ట్‌వేరు పాత కంప్యూటరులో కూడా నడుస్తోంది.

2024 నవమికి ఒక స్నేహితుడి కంప్యూటరు మీద పని గడిచింది. ఆ స్నేహితుడు ఉద్యోగం వచ్చి కంప్యూటరుతో సహా హైదరాబాదు వెళ్ళిపోయాడు. మనవడు తెనాలిలో ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు కొని, అందులో లినక్సు వేయించుకున్నాడు. 1991లో ఫిన్లండులోని హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన వ్యవస్థ ఇది. దీనికి డబ్బు కట్టనక్కరలేదు. తక్కువ బలమున్న యంత్రం మీద కూడా నడుస్తుంది. అందులో లినక్స్‌శాంప్లర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును, దాన్ని తెర మీద నడపడానికి క్యూశాంప్లర్ అనే మరోదాన్ని పెట్టాడు. స్నేహితుడి కంప్యూటరులోని ఏర్పాటు ఇక్కడ తెరుచుకోలేదు. అందువల్ల పెన్‌డ్రైవ్‌లో 37 రికార్డులు మాత్రం తెచ్చుకుని మిగతాదంతా తానే మళ్ళీ రాశాడు. మూగవోయింది ఈ కొత్త ఏర్పాటే.

తప్పిన గండం

ఉగాది నాడు పట్నంలో కంప్యూటర్లు బాగుచేసే ఒకతనికి ఫోను చేస్తే, "లినక్సు గొడవ ఎందుకు? మొత్తం ఫార్మాట్ కొట్టి వేరేది వేస్తాను, తీసుకురా" అన్నాడు. ఫార్మాట్ అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచి కొత్తగా మొదలుపెట్టడం. సాయంత్రానికి కుర్రవాడు కంప్యూటరును గోనెసంచిలో చుట్టి మోటారు సైకిలు మీద కట్టుకుంటున్నాడు.

సమాజంలో మద్దెల వాయించే పెద్దమనిషి ఇరిగేషను శాఖలో లస్కరుగా పనిచేసి రిటైరైనవాడు. ఆయన అటుగా వస్తూ ఆగాడు.

"ఏరా అబ్బాయ్, ఎక్కడికి?"

"ఫార్మాట్ చేయించడానికి బాబాయ్. అంతా తుడిచి మళ్ళీ వేస్తారట."

"తాతయ్య స్వరాలు ఇంకెక్కడన్నా ఉన్నాయా?"

కుర్రవాడు నోట మాట లేకుండా నిలబడిపోయాడు. స్నేహితుడు తన కంప్యూటరులోంచి వాటిని తీసేశాడు. పెన్‌డ్రైవ్‌లో ఇప్పుడు సినిమా పాటలు ఉన్నాయి. మాస్టారి 37 స్వరాలూ లోకం మొత్తం మీద ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. ఇంకో గంటలో అవీ ఉండేవి కావు.

"చేలోకి నీళ్ళు రాకపోతే కాలువ పూడ్చి మళ్ళీ తవ్వుతామట్రా? ఎక్కడ ఆగిందో చూసుకుంటూ పోతాం" అన్నాడు లస్కరు. సంచి విప్పించి లోపల పెట్టించాడు. ఆ రాత్రి జరిగిన మొదటి పని మరమ్మతు కాదు. ఆ రికార్డులను రెండు కొత్త పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేసి, ఒకటి మాస్టారి ఇంట్లో బీరువాలో, ఒకటి ఈ విలేకరి ఇంట్లో దాచారు. ఎనిమిది సెకన్ల చొప్పున 37 రికార్డులూ కలిపి సుమారు 52 మెగాబైట్లు. ఇవాళ్టి పెన్‌డ్రైవ్‌లో అది ఒక మూలకు కూడా రాదు. అంత చిన్న పని నాలుగేళ్ళుగా ఎవరూ చేయలేదు.

లాకు దగ్గర చూడాలి

లస్కరుకు కంప్యూటరు తెలియదు. కాని కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల మీద ఏళ్ళ తరబడి తిరిగినవాడు. "ముందు నీ నీళ్ళు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతాయో చెప్పు" అన్నాడు. కుర్రవాడు కాగితం మీద గీత గీసి చూపించాడు.

మొదట కీబోర్డు. మెట్టు నొక్కితే దానిలోంచి శబ్దం పోదు, కబురు మాత్రమే పోతుంది. ఫలానా నెంబరు మెట్టును ఇంత బలంగా నొక్కారు అనే ఆ కబురును మిడి అంటారు. 1983లో అన్ని కంపెనీల వాద్యాలకూ కలిపి ఏర్పడిన పద్ధతి ఇది. కబురు శాంప్లర్‌కు చేరుతుంది. శాంప్లర్ ఆ నెంబరుకు తగిన రికార్డు తీసి సౌండు కార్డుకు ఇస్తుంది. అక్కడి నుంచి తీగ ద్వారా యాంప్లిఫయరు, దాని తర్వాత స్పీకరు పెట్టె.

"అయితే దుగ్గిరాల లాకులు ఏవి?" అన్నాడు లస్కరు. కుర్రవాడికి అర్థం కాలేదు. "లాకుల దగ్గర నీళ్ళున్నాయా లేదా చూస్తే సగం పని తెమిలిపోతుంది. ఉంటే తప్పు దిగువన ఉంది. లేకపోతే ఎగువన ఉంది. ఊరంతా తిరగనక్కరలేదు."

అలాంటి చోటు శాంప్లర్‌లో నిజంగానే ఉంది. క్యూశాంప్లర్ తెర మీద ప్రతి వాద్యం వరుసలోనూ, ఆ క్షణాన ఎన్ని స్వరాలు పలుకుతున్నాయో చూపే అంకె ఒకటి ఉంటుంది. మెట్టు నొక్కినప్పుడు ఆ అంకె కదిలితే శాంప్లర్ తన పని చేసినట్టే, లోపం సౌండు కార్డు వైపున ఉంది. కదలకపోతే లోపం కీబోర్డు వైపునో, శాంప్లర్‌లోనే లోపలో ఉంది. కుర్రవాడు మెట్టు నొక్కాడు. అంకె సున్నా దగ్గరే ఉండిపోయింది.

"ఎగువన తప్పుందన్న మాట. దిగువన కూడా ఉండదని నమ్మకం లేదు. ముందు దిగువ చూసి, తర్వాత పైకి పోదాం" అని లస్కరు తేల్చాడు.

దిగువన రెండు, ఎగువన రెండు

యాంప్లిఫయరు పరీక్ష సులభంగానే అయింది. కంప్యూటరుకు తగిలించిన తీగ ఊడదీసి సెల్‌ఫోనుకు పెట్టి పాట వేస్తే పెట్టె మోగింది. తీగ, యాంప్లిఫయరు, పెట్టె మూడూ నిర్దోషులు.

తర్వాత సౌండు కార్డు. లినక్సులో టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరిచి, ఇంగ్లీషులో 'ఏప్లే' అని రాసి, కొంచెం ఎడంగా అడ్డగీత, దాని పక్కన 'ఎల్' అక్షరం కొడితే యంత్రంలోని సౌండు కార్డుల జాబితా వస్తుంది. కొడితే రెండు కార్డులు కనిపించాయి. సున్నా నెంబరు కార్డు తెరకు పోయే హెచ్‌డిఎంఐ తీగది. ఒకటో నెంబరుది మామూలు సౌండు రంధ్రం. శాంప్లర్‌ను సున్నా నెంబరుకు కలిపి ఉంచారు. ఆ తెరకు స్పీకర్లే లేవు. అంటే శబ్దం వచ్చినా, చెవులు లేనిచోటికి పోయేదన్న మాట. దాన్ని ఒకటో కార్డుకు మార్చారు.

'స్పీకర్‌టెస్ట్' అనే పరీక్ష పెట్టినా పెట్టె మోగలేదు. 'ఆల్సామిక్సర్' తెరిచి చూస్తే హెడ్‌ఫోను గడి కింద రెండు 'ఎమ్' అక్షరాలు కనిపించాయి. ఆ గడి నోరు కట్టేసి ఉందని దాని అర్థం. 'ఎమ్' మీట నొక్కగానే అవి పోయాయి. మళ్ళీ పరీక్ష పెడితే పెట్టెలోంచి వాన కురిసినట్టు 'హోరు' మని శబ్దం వచ్చింది. ఆ హోరుకు అరుగు మీద వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. దిగువ కాలువ బాగుపడింది.

మరునాటి రాత్రి ఎగువ పని. 'ఏసీక్‌డంప్' అనే పరీక్షకు కీబోర్డు నెంబరు ఇచ్చి మెట్టు నొక్కితే, ప్రతి నొక్కుకూ తెర మీద ఒక వరుస వచ్చింది. కీబోర్డు మంచిదే, కబురు కంప్యూటరు దాకా చేరుతోంది. కాని కీబోర్డును, శాంప్లర్‌ను కలిపే లంకె వేయలేదు. లినక్సులో అవి ఎదురెదురుగా ఉన్నా కలపందే కలవవు. కలిపారు. అయినా అంకె కదలలేదు.

అప్పుడు కుర్రవాడికి క్యూశాంప్లర్‌లో సందేశాల కిటికీ ఒకటి ఉంటుందని గుర్తుకొచ్చింది. తెరిస్తే, ఫలానా ఫైలు దొరకలేదు, ఫలానా ఫైలు దొరకలేదు అని వరసగా 37 మొరలు! రికార్డుల ఫైళ్ళకు స్నేహితుడు పెట్టిన పేర్లు పెద్దబడి 'హెచ్' అక్షరంతో మొదలవుతాయి. కుర్రవాడు జాబితాలో చిన్నబడి 'హెచ్' రాశాడు. విండోసులో ఈ రెంటికీ తేడా పట్టింపు లేదు. లినక్సుకు పెద్దబడి, చిన్నబడి రెండూ వేర్వేరు అక్షరాలు. ఫైలు కళ్ళెదుటే ఉన్నా లేదనే అంటుంది. "రేషను కార్డులో ఇంటిపేరు ఒక అక్షరం మారితే బియ్యం ఆగినట్టే ఉందిరా" అన్నాడు హరిశ్చంద్ర వేషధారి.

37 చోట్ల అక్షరం దిద్ది మెట్టు నొక్కాడు. అంకె ఒకటి అయింది. పెట్టెలోంచి మాస్టారి హార్మోనియం పలికింది.

పలికింది గాని అపస్వరం

ఆ సంతోషం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. ఒకటో శ్రుతిలో మధ్య స్థాయి సా సరిగ్గా పలికింది. రి నొక్కితే గ పలికింది. గ నొక్కితే ప దాటిపోయి ధ దగ్గర తేలింది. ప నొక్కితే పై స్థాయి రి వచ్చింది. సా కు కింద ఉన్న మెట్లు అదే లెక్కన పాతాళానికి దిగిపోయాయి.

"రికార్డులు పాడైపోయాయి" అని కుర్రవాడు తల పట్టుకున్నాడు. హరిశ్చంద్ర వేషధారి అడ్డు చెప్పాడు. "పాడైతే ఎలా పడితే అలా పలకాలి. ఇది లెక్క ప్రకారం తప్పుతోంది. సా నుంచి ఎంత దూరం పోతే అంతకు రెట్టింపు పోతోంది" అన్నాడు. ఆయనకు కంప్యూటరు రాదు గాని స్వరస్థానాలు వచ్చు. తప్పును పట్టిచ్చింది ఆ మాటే.

శాంప్లర్‌కు ఏ మెట్టుకు ఏ రికార్డో చెప్పే జాబితాను ఎస్ఎఫ్‌జడ్ అనే పద్ధతిలో మామూలు అక్షరాలతో రాస్తారు. ఏ సర్వే నెంబరు ఎవరి సాగులో ఉందో అడంగల్‌లో రాసినట్టు, ఏ నెంబరు మెట్టుకు ఏ ఫైలో అందులో రాసి ఉంటుంది. ఈ హార్మోనియం మెట్లకు 48 నుంచి 84 దాకా నెంబర్లు. మధ్య సా నెంబరు 60. ఫలానా మెట్టుకు ఫలానా ఫైలు అని కుర్రవాడు రాశాడు. ఆ ఫైలులోని స్వరం అసలు ఏ మెట్టుదో చెప్పే మాట రాయలేదు. ఆ మాట లేకపోతే శాంప్లర్ ప్రతి రికార్డునూ 60వ మెట్టు స్వరమే అనుకుంటుంది. 62వ మెట్టు నొక్కితే, 60 నుంచి రెండు మెట్లు పైకి జరపాలి కదా అని జరుపుతుంది. కాని అది మాస్టారు రి మీదనే వాయించిన రికార్డు. రి మీద మరో రెండు మెట్లు ఎక్కి గ అయింది.

జాబితాలో ప్రతి వరుసకూ 'పిచ్ కీసెంటర్' అనే మాట, దాని పక్కన ఆ మెట్టు నెంబరు చేర్చారు. అరగంట పని. సరిగమలు తిన్నగా వచ్చాయి. గట్టిగా నొక్కితే పెద్దగా, మెల్లగా నొక్కితే చిన్నగా పలకడం హార్మోనియం లక్షణం కాదు కనుక, ఆ తేడాను తీసేసే 'యాంప్ వెల్‌ట్రాక్' అనే మాటకు సున్నా పెట్టారు. ఎడమ చేతితో తిత్తి వేసే పని ఇక్కడ లేదు. దానికి బదులు కీబోర్డు మీద వాల్యూం మీటను ఎడమ చేతితో ఎక్కించి దించాలని నిర్ణయించారు.

ఎనిమిది సెకన్ల ఆయువు

పద్యం అందుకున్న తర్వాత మరో చిక్కు బయటపడింది. నటుడు రాగం తీస్తూ ఉండగానే శ్రుతి ఆగిపోయింది. రికార్డు ఎనిమిది సెకన్లది. అది అయిపోతే స్వరమూ అయిపోతుంది. మన నటుల రాగానికి ఎనిమిది సెకన్లు ఏ మూలకు?

దీనికి మందు ఉంది. స్వరం నిలకడగా ఉన్న భాగాన్ని ఎంచుకుని, మెట్టు మీద వేలు ఉన్నంతసేపూ అదే భాగం తిరిగి తిరిగి పలికేటట్లు జాబితాలో రాయవచ్చు. దీన్ని లూప్ అంటారు. రికార్డులో ఒక్క సెకనుకు 44,100 అంకెలు ఉంటాయి. మూడో సెకను నుంచి ఆరో సెకను వరకు తిప్పాలంటే 1,32,300వ అంకె నుంచి 2,64,600వ అంకె వరకు అని రాయాలి. అలా రాస్తే మూడు సెకన్లకు ఒకసారి 'టక్కు' మనే చప్పుడు వినిపించింది. తాడు రెండు కొసలూ లావు సన్నాలు కలవకపోతే ముడి తెలిసినట్టే, శబ్దపు అల మొదలూ చివరా ఒకే ఎత్తులో లేకపోతే అతుకు వినిపిస్తుంది. అలను తెర మీద పెద్దదిగా చేసి చూస్తూ, కొస కొద్దికొద్దిగా జరుపుతూ, 37 స్వరాలకూ 37 అతుకులు సరిచేయడానికి రెండు రాత్రులు పట్టింది.

ఆ పనిలో ఉండగా కుర్రవాడు ప్రతి రికార్డు మొదట్లోనూ తిత్తి వేసిన 'హుస్సు' మనే చప్పుడు ఉన్నదని, దాన్ని కత్తిరిస్తే స్వరం శుభ్రంగా ఉంటుందని అన్నాడు. పక్కన కూర్చుని వత్తులు చేసుకుంటున్న మాస్టారి భార్య తల ఎత్తి, "అది తీసేస్తే ఇంక మీ తాతయ్య ఏం మిగిలాడు నాయనా?" అంది. ఎవరూ మాట్లాడలేదు. ఆ చప్పుడు ఉంచేశారు.

చిటపటలు, ఆలస్యం

చివరి చిక్కు చిటపటలు. నాలుగు మెట్లు ఒక్కసారి నొక్కితే నూనెలో ఆవాలు పడ్డట్టు శబ్దం. శాంప్లర్ శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా కార్డుకు అందిస్తుంది. కుర్రవాడు ఆ ముక్క పరిమాణం 64 అని పెట్టాడు. మరీ చిన్న గంప అయితే కూలీ పరుగెత్తలేడు. గంప అందని క్షణాన శబ్దం తెగుతుంది. పోనీ పెద్ద గంప పెడదామని 1024 పెడితే చిటపటలు పోయాయి గాని, మెట్టు నొక్కిన తర్వాత స్వరం వెనకబడి వచ్చింది.

లెక్క ఇదీ. సెకనుకు 48,000 అంకెల వేగంతో, రెండు గంపల పద్ధతిలో, 1024కు ఆలస్యం సుమారు 43 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక, హార్మోనిస్టు 14, 15 మీటర్ల దూరాన కూర్చుని వాయిస్తున్నట్టు ఉంటుంది. 256 పెడితే ఆలస్యం సుమారు 11 మిల్లీసెకన్లు, అంటే నాలుగు మీటర్ల లోపు దూరం. నాటకంలో హార్మోనిస్టు నిజంగా కూర్చునేది ఆ దూరంలోనే. 256 దగ్గర ఆగారు.

అప్పటికీ అడపాదడపా ఒక చిటపట వినిపిస్తూనే ఉంది. లినక్సులో శబ్దం పనికి ముందు పీట వేయాలంటే ఆ మనిషి ఖాతాను 'ఆడియో' అనే గుంపులో చేర్చి, ఆ గుంపుకు ముందుగా పని జరిపించుకునే హక్కు ఇవ్వాలి. ఆ రెండూ చేసి, ఒకసారి బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెళితేనే అవి అమలవుతాయి. ఇది తెలియక ఒక పూట వృథా అయింది. ఆ తర్వాత చిటపట వినిపించలేదు.

నవమి రాత్రి

ఏప్రిల్ 6న నవమి రాత్రి నాటకం ఆడారు. పందిట్లో జనం నిండుగా ఉన్నారు. కంప్యూటరుకు ఇన్వర్టరు తగిలించారు. రెండో అంకంలో కరెంటు పోయి పెట్రోమాక్సు వెలిగించవలసి వచ్చినప్పుడు, ఆ పెట్టె, యాంప్లిఫయరు మాత్రం ఆగలేదు. కాటి సీను పద్యాలకు "వన్స్ మోర్" లు పడ్డాయి.

అందరూ మెచ్చుకున్నారని రాస్తే అబద్ధమవుతుంది. పక్క ఊరి నుంచి వచ్చిన ఒక పెద్ద హార్మోనిస్టు, "స్వరం మాస్టారిదే, చెయ్యి మాస్టారిది కాదు. నటుడు ఊపిరి పీల్చినప్పుడు తిత్తి కూడా పీల్చేది. ఇది పీల్చదు" అన్నారు. ఆ మాట నిజం. శాంప్లర్ తనంతట తాను వాయించదు. అప్పగించిన స్వరాన్ని అప్పగించినట్టు తిరిగి ఇస్తుంది. వాయించడం మనవడే నేర్చుకోవాలి. అతను ఇప్పుడు వారానికి రెండు రోజులు ఆ హార్మోనిస్టు దగ్గరికే పాఠానికి వెళుతున్నాడు.

యంత్రం మన కళకు పనికిరాదన్న వాళ్ళూ ఉన్నారు. హార్మోనియం కూడా యూరపు నుంచి వచ్చిన పెట్టే. గమకం పలకదన్న కారణంతో 1940లో రేడియోలో దాన్ని నిషేధించారు. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. ఆ ముప్పై ఏళ్ళూ మన పల్లెల్లో పద్యనాటకాలు ఆ పెట్టె ఆసరాతోనే సాగాయి.

మీ ఊళ్ళో ఇలాంటి పని చేయదలచిన వారికి

సమాజం వారు ఈ విలేకరి నోటు పుస్తకంలోని విషయాలను ఒక కాగితం మీద వరసగా రాసి రామాలయం గోడకు అంటించారు. ఇతరులకు ఉపయోగపడుతుందని ఇక్కడ ఇస్తున్నాం.

మొదట రికార్డులను కనీసం రెండు వేరు వేరు ఇళ్ళలో దాచండి. ఆ పని కాకుండా యంత్రం మీద చెయ్యి వేయకండి, వేయనివ్వకండి.

శబ్దం రాకపోతే శాంప్లర్ అంకె చూడండి. కదిలితే కార్డు, మ్యూటు, తీగ చూడాలి. కదలకపోతే కీబోర్డు, లంకె, ఫైళ్ళ పేర్లు చూడాలి.

శాంప్లర్ అసలు కార్డునే తెరవలేకపోతే, పాటలు పాడే మరో ప్రోగ్రాము ఏదైనా ఆ కార్డును పట్టుకుని ఉందేమో చూసి మూసేయండి. ఒక తూము కింద ఇద్దరు రైతులు ఒకేసారి మడవ వేసుకోలేరు.

కార్డును నెంబరుతో కాక పేరుతో చెప్పండి. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టినప్పుడు నెంబర్లు తారుమారు కావచ్చు.

ఒకసారికి ఒకటే మార్చండి. మార్చినది కాగితం మీద రాయండి. ఫలితం లేకపోతే మళ్ళీ ఎప్పటిలా పెట్టి తర్వాతి దానికి వెళ్ళండి.

పని బాగా జరిగిన రోజున ఆ ఏర్పాటునంతా సెషన్‌గా దాచుకోండి. నాటకం రోజున కొత్తవి ఏవీ వేయకండి.

ఆ కాగితం చివర లస్కరు చెప్పగా కుర్రవాడు ఇంకో వరుస రాశాడు. పక్క ఊళ్ళో డెబ్బై దాటిన ఒక సన్నాయి విద్వాంసుడు ఉన్నారు. వచ్చే నెలలో మోటార్లు ఆగే వేళ చూసుకుని, ఆయన అంగీకరించిన రాత్రి వెళ్ళి రికార్డు చేసుకు రావాలి. కొత్త పెన్‌డ్రైవ్‌లు రెండు ముందే కొని ఉంచారు.